పదడుగుల కుంట

ఇంజనీరు మేనల్లుడికి మీ మామయ్య రాసేది. ఆశీస్సులు చివర్లో రాస్తాను, రాయాలనిపిస్తే.

ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో మా ఇంటి ముందు చేలో వాన నీళ్లు నిలవడానికి కుంట తవ్వించావు. పదడుగుల లోతన్నావు. బిల్లు పాసవ్వాలంటే ఫొటో కావాలని, "మామయ్యా, ముందు నువ్వే దిగాలి, అది నీ గౌరవం" అన్నావు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ దిగాను. గట్టు నా తల దాటి ఉంది. ఎంత లోతు తవ్వించాడో నా అల్లుడు అని మురిసిపోయాను.

పడిన వాన నెల తిరక్కుండానే చాలావరకు ఇంకిపోయింది. మిరప నారు నిలువునా మాడిపోయింది. మొన్న అడుగున మిగిలిన నీళ్ల కోసం మీ అత్త బిందె పట్టుకుని దిగింది. ఆవిడ నాకంటే జానెడు పొడుగు కదా. లోపలి నుంచే కేకేసింది: "ఏవయ్యా, పదడుగుల కుంటలోంచి నాకు మనింటి గడప కనపడుతోందేంటి?"

తాడు వేసి కొలిచాను. అయిదడుగులు. ఊళ్లో ఇంతమంది ఉండగా ఫొటోకి నన్నే ఎందుకు దింపావో అప్పుడు తెలిసొచ్చింది.

ఊరంతా పొట్టోడా అని పిలిచినా నేనేనాడూ బాధపడలేదురా. చిన్నప్పుడు జనం అడ్డమొచ్చి సర్కస్ కనపడక నువ్వేడిస్తే నా భుజాల మీద ఎక్కించుకున్నాను. ఆ రోజు నీకు నేను పొట్టిగా కనపడలేదు.

సోమవారం తనిఖీకి పెద్ద ఆఫీసరు వస్తున్నాడనీ, మళ్లీ కుంటలో నిలబడమనీ కబురు పంపావు. తప్పకుండా నిలబడతాను. నా పక్కనే మీ అత్త కూడా నిలబడుతుంది.

మీ మామయ్య