తలుపు మూల పారకట్టె

అల్ హైల్, మస్కట్.

ప్రియమైన కవితకు,

నీ మొగుడు భీమన్న రాసేది. నేను బాగానే ఉన్నాను. నువ్వు, అత్త కమలవ్వ, పిల్లలు అంతా బాగున్నారనుకుంటాను. ఈ ఉత్తరం నీ తమ్ముడు భూమేశ్‌తో పంపిస్తున్నాను. ముందు వాడికి అన్నం కలిపి పెట్టు, తర్వాత చదువు. ఫోన్ ఉండగా ఉత్తరమేంటని అనుకోకు. ఫోన్‌లో చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. నీ గొంతు వినగానే పిల్లల సంగతి అడిగి పెట్టేశాను.

"పని పోయినోళ్లకు ఆడ సర్కారే పైసలిస్తదట గద?" అని అడిగావు. ఇస్తుంది, కానీ ఈ దేశం వాళ్లకే. కంపెనీ మూతపడ్డాక మాతో పనిచేసిన ఒమానీ డ్రైవర్ దానికి అర్జీ పెట్టుకున్నాడు. అతనికీ ఇంకా రాలేదు. ఫోన్ తీసి చూసుకుంటాడు, తిట్టుకుంటూ సీటు మీదికి విసిరికొడతాడు. మాకు మిగిలింది లేబర్ ఆఫీసులో ఫిర్యాదు. ఆగిన జీతాలు, ఇన్నేళ్ల సర్వీసుకు రావాల్సిన హిసాబ్ పైసలు, ఇంటికి టికెట్ ఇప్పించమని రూమ్ వాళ్లమంతా కలిసి పెట్టాం. పిలిచినప్పుడల్లా పోతున్నాం. కంపెనీ మనిషి రాడు. ఇంకో తారీఖు ఇస్తారు.

రూమ్‌లో అందరూ కలిసిమెలిసి ఉన్నారా అని అత్త అడిగింది. లేము. కంపెనీ కరెంటు బిల్లు కట్టక ఏసీలు ఆగినప్పటి నుంచి మనుషులు మనుషుల్లా లేరు. నీళ్ల డబ్బా దగ్గర ఒకడు ఇంకొకడి చెవి కొరికాడు. నిజంగానే కొరికాడు, ముక్క ఊడి వచ్చింది. కొందరు కంపెనీ ఆఫీసు అద్దాలు పగలగొట్టడానికి పోయి, అడ్డమొచ్చిన కాపలా ముసలాయన పళ్లు రాలగొట్టి వచ్చారు. ఆయనకూ జీతం రాలేదని తర్వాత తెలిసింది. కడప జిలాని అందరినీ నవ్విస్తూ ఉండేవాడు. అలాంటివాడు, కూర మాడిందన్నందుకు మా రూమ్ సంజీవ్ మెడ మీద కాగిన నూనె పోశాడు. వాళ్లను చూసి నేను ఛీ అనుకునేవాణ్ణి.

ఇక నువ్వు పదేపదే అడిగేది. "మా తమ్ముడు మెట్ల మీదికెల్లి ఎట్ల పడ్డడు? నువ్వు దగ్గర లేవా?" అని. దగ్గరే ఉన్నాను కవితా.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నవాడికి టికెట్ ఇస్తామని కంపెనీ మనిషి చాటుగా కబురు పంపాడు. ఆ పొద్దున భూమేశ్ చెప్పులేసుకుంటున్నాడు.

"యాడికిరా?" అన్నాను.

"సంతకం పెట్టొస్త బావా. ఇగ నాతోని అయితలేదు. బిడ్డ పుట్టినప్పటి సంది మొకం సూడలే."

"ఒక్కడు ఇడిస్తే అందరి కేసు సల్లవడ్తది. కూసో."

"మీ కేసు మీరు సూస్కోండ్రి. నేను పోత."

తలుపు మూల పార ఊడిపోయి మిగిలిన పారకట్టె ఉంది. తీశాను. మొదటి దెబ్బ భుజం మీద పడింది. తర్వాతిది తల మీదికి పోతుంటే కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. ఆగలేదు. కింద పడ్డాక కూడా ఆ చెయ్యి మీదే కొట్టాను, సంతకం పెట్టేది దానితోనే కదా అని. ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చాక జిలాని నన్ను గోడకు అదిమి పట్టాడు. కొడుతున్నంతసేపూ నాకు హాయిగా ఉండింది. అది నీకు చెప్పకుండా ఉండలేను. అందుకే నా మీద నాకు అసహ్యం.

వాడు తలచుకుంటే నన్ను ఒంటి చేత్తో ఎత్తి పడేస్తాడు, నీకు తెలుసు. అక్క మొగుణ్ణని వేలు కూడా ఎత్తలేదు. ఆసుపత్రిలో అడిగితే మెట్ల మీంచి పడ్డానని వాడే చెప్పాడు. ఇన్ని రోజులూ వాడికి నేనే అన్నం కలిపి పెట్టాను. కాదనకుండా తిన్నాడు.

ఇంకా ఉంది. మన తెలుగోళ్లు కొందరు ఆసుపత్రికి వచ్చి వాడి చెయ్యి చూసి, ఆఫీసుల చుట్టూ తిరిగి వాడికి టికెట్ సంపాదించారు. ఏ సంతకమూ పెట్టకుండానే ఇంటికొస్తున్నాడు. ఫిర్యాదు ఇవ్వలేనిది విరిగిన చెయ్యి ఇచ్చింది.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం జిలాని నా మంచం మీద కూర్చుని చెయ్యి చాపాడు.

"నాది గూడా ఇరగ్గొట్టన్నా. ఎడం సెయ్యైతే సాలు గదా, నన్నూ ఇంటికి పంపుతారు."

ఎప్పటిలా తమాషా చేస్తున్నాడనుకున్నాను. ముఖంలో నవ్వు లేదు. వాడి వెనక సంజీవ్ వచ్చి నిలబడ్డాడు, కాలిన మెడకు గుడ్డ చుట్టుకుని. వాడూ అందుకే వచ్చాడు.

పారకట్టె తీసుకుపోయి రోడ్డు మీది చెత్తకుండీలో పడేశాను. పొద్దున లేచేసరికి మళ్లీ తలుపు మూల నిలబెట్టి ఉంది. ఇప్పుడు రోజూ అడుగుతున్నారు. కాదనడం రోజురోజుకూ కష్టమవుతోంది కవితా. భూమేశ్ తిన్నాక ఫోన్ చెయ్యి. ఎంతైనా తిట్టు. చివర్లో కొట్టవద్దని ఒక్క మాట చెప్పు. నువ్వు చెబితే ఆగుతాను.

ఇట్లు,
భూమేశ్ బావ,
భీమన్న