మాడిన రస్కూ, పెద్ద అయస్కాంతమూ

మా బేకరీ పిన్నికి,

నీ ల్యాబు పిల్ల దణ్ణాలు. ఇవాళ నేను చూసింది ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. రెండేళ్లుగా నేను తయారుచేస్తున్న పొర గుర్తుందిగా? కార్బన్‌తో చేసింది, కాగితంలా వంగుతుంది, వెలుగు పడితే కరెంటు పుట్టిస్తుంది. దాన్ని సన్నటి గాజు గొట్టంలో వేసి, బీరువా అంత అయస్కాంతం మధ్యలోకి దించి, మైక్రోవేవ్ తరంగాలు పంపాను. జత లేకుండా మిగిలిన ఎలక్ట్రాన్ ప్రతిదీ ఓ బుల్లి అయస్కాంతమే పిన్నీ. అయస్కాంతం బలం సరైన చోటికి రాగానే అవి తలకిందులయ్యాయి! తెర మీద గీత లేచి, మునిగి, మళ్లీ సర్దుకుంది. కంటికి కనపడనివాటి కదలిక అది.

ఇట్లు, నీ చిట్టి

తా.క. రస్కుల పార్సెల్ అందింది. భోజనానికి వెళ్లే ఓపిక లేక, గొట్టాలు నింపే బల్ల మీదే డబ్బా తెరిచి నమిలేశాను. మా సారు చూడలేదులే.

---

చిట్టితల్లికి, పిన్ని ఆశీస్సులు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. తలకిందులవడం వరకూ అర్థమైంది. జత లేనివాటిని చూసి అంత మురిసిపోయావే, పాపం అవి ఎందుకలా మిగిలిపోయాయో కనుక్కున్నావా? వేళకి తిను.

ఉంటాను, పిన్ని

తా.క. మైక్రోవేవ్‌లో పెడితే రొట్టె మెత్తబడుతుంది కానీ కరకరలాడదు. మీ సారుకి తెలుసో లేదో.

---

పిన్నీ,

కొంప మునిగింది. సారు ఖాళీ గొట్టం పెట్టి చూడమన్నారు. లోపల పొర లేదు, ఏమీ లేదు. అయినా గీత వచ్చింది! “నువ్వు చూసింది మసి” అనేశారు. నెలాఖరులోగా ఆ గీత నా పొరదేనని తేల్చకపోతే ఈ పని ఆపేసి కొత్తది మొదలుపెట్టాలట. భూతద్దంతో చూస్తే గొట్టం అడుగున నల్లటి రవ్వ. నీ రస్కుది! మాడిన పిండిలోనూ జతలేని ఎలక్ట్రాన్లు ఉంటాయి. బాగా మాడిన రస్కు ఒకటి అర్జెంటుగా పంపవూ? ఎంత నల్లగా ఉంటే అంత మంచిది.

కంగారులో, చిట్టి

తా.క. పాత డబ్బాలో చూద్దామంటే ఏమీ మిగల్లేదు. నల్లవి కూడా తినేశాను.

---

పరిశోధకురాలు గారికి,

నమస్కారం. మా బేకరీలో ఏదీ మాడదు. ముప్పై ఏళ్లలో ఒక్కరు వేలెత్తి చూపలేదు. మీ గొట్టాలు మీరు కడుక్కోలేక మా రస్కుల్ని ఆడిపోసుకుంటారా? పైగా సాక్ష్యానికి ఇంకొకటి కావాలా? మీ సారు గారికి బంగారు రంగులో కాల్చినవి రెండు డబ్బాలు పంపుతున్నాను. భూతద్దం పెట్టుకుని మరీ చూసుకోమనండి.

ఇట్లు, బేకరీ యజమానురాలు

తా.క. చలి మొదలైంది. స్వెటర్ వేసుకో.

---

అలిగిన పిన్నికి,

రెండు డబ్బాలూ సారే తినేశారు. ఒక్క నల్ల రవ్వ దొరకలేదు, నా ఖర్మ! నీ మీద ఫిర్యాదు కాదు పిన్నీ. మాడిన రస్కు గీత ఎలా ఉంటుందో విడిగా కొలిస్తేనే నా పొర గీత ఏదో చెప్పగలను. అదే పిండి, అదే ఓవెన్ కావాలి. లేదంటే నా రెండేళ్ల కష్టం మట్టిపాలే.

నీ కాళ్లు పట్టుకుంటూ, చిట్టి

---

చిట్టికి,

కాగితంలో చుట్టి పంపాను. నలుగురి ముందు విప్పకు.

పిన్ని

తా.క. ఎక్కడిదని అడిగితే నా పేరు చెప్పకు.

---

బంగారు పిన్నికి,

తేలిపోయింది! రస్కుని చీకట్లో కొలిచాను, దీపం వేసి కొలిచాను. గీత పిసరంత కూడా మారలేదు. తర్వాత కొత్త గొట్టంలో నా పొర. చీకట్లో ఏమీ లేదు. దీపం వేశాను. పిన్నీ, గీత లేచింది! ఆర్పితే అణిగింది. మళ్లీ వేస్తే మళ్లీ లేచింది. వెలుగు తాకగానే లోపల ఎలక్ట్రాన్ల జతలు విడిపోతున్నాయి, అది నేను చూస్తున్నాను! సారు నన్ను పక్కకి జరగమని, చిన్నపిల్లాడిలా ఆయనే స్విచ్ వేస్తూ ఆర్పుతూ ఉండిపోయారు. నా పని నిలబడింది. ఏడుపొచ్చేసింది.

ఆనందంతో, నీ చిట్టి

తా.క. పత్రికకి పంపే వ్యాసం చివర “రస్కు మాడ్చి ఇచ్చినందుకు కృతజ్ఞతలు” అని సారు నీ పేరు రాసేశారు. దేశదేశాలవాళ్లూ చదువుతారట.

---

చిట్టితల్లికి,

నీ ఉత్తరం చదివి కళ్లు తుడుచుకున్నాను. ముప్పై ఏళ్లు ఓవెన్ ముందు నిలబడ్డాను గానీ, వెలుగు తగిలితే ఒక పొరలో ఇంత జరుగుతుందని నాకెవరూ చెప్పలేదే! పొద్దున్న కిటికీలోంచి ఎండ పడితే పిండి కలపడం మానేసి దాన్నే చూస్తూ నిలబడిపోయాను. నువ్వు గెలిచావు, నాకదే చాలు.

కానీ నా పేరు మాత్రం కొట్టేయించు. అది మాడ్చింది నేను కాదు, నా వల్ల కాలేదు. ఎన్నిసార్లు పెట్టినా రంగు తిరగ్గానే చెయ్యి దానంతటదే ట్రేని బయటికి లాగేసింది. చివరికి మీ బాబాయిని పిలిచి, ఒక్క ట్రే మాడ్చిపెట్టండి అన్నాను. ఆయన తొణక్కుండా బెణక్కుండా, “మొన్న నువ్వు ఊరెళ్లినప్పుడు పిల్లకి నేను చేసి పంపానే, అలాగేనా?” అన్నారు.

ఇట్లు, పిన్ని

తా.క. కృతజ్ఞతలు ఆయనకే చెప్పమను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ పత్రిక ఎప్పుడొస్తుందని పోస్టుమాన్‌ని రోజూ అడుగుతున్నారు. నేనింకా ఆయనతో మాట్లాడటం లేదు.