గద్వాల మిషన్‌కు లోపలి కొటేషన్లు

భాగ్యక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గద్వాల ఆఫీసులో నీ కుర్చీలో ఇంకా ఎవరినీ వెయ్యలేదు. అక్కడి కంప్యూటర్ మిషన్‌లో ‘ఓల్డ్ డేటా’ ఫోల్డర్ తీసెయ్యమని సారు ఈ రోజే చెప్పాడు. వనపర్తిలో కూర్చుని నేనే కమాండ్ పంపాలి.

పేరు మధ్యలో ఖాళీ ఉంది కదా, ఒకే పేరుగా చదవాలని కొటేషన్లలో పెట్టాను. ఎంటర్ నొక్కబోతుంటే నీ మాట గుర్తొచ్చింది. “ఆగు పిల్లా. కొల్లాపూర్ మామిడిపండ్ల మూటకు కొత్తకోటల బండి మారేటప్పుడు పై గోనె విప్పుతరు. లోపల ఇంకో గోనె లేకుంటె పండ్లు చెదిరిపోతయ్. గిది గూడ గంతే.”

పై కొటేషన్లను నా మిషనే విప్పేస్తుంది. లోపల ఇంకో జత లేకపోతే గద్వాల మిషన్ ‘ఓల్డ్’, ‘డేటా’ అని రెండు పేర్లుగా చదువుకుంటుంది. అక్కడ ‘డేటా’ అనే ఫోల్డర్ వేరే ఉంది. నేను ఇక్కడి నుంచి పంపిన ఈ ఏటి వేరుశనగ రైతుల వివరాలన్నీ అందులోనే ఉన్నాయి. అవి పోయేవి.

రెండో జత పెట్టి, అలవాటుగా ఫోన్ ఎత్తి గద్వాలకు కలిపాను. పంపేముందు నీకు చెప్పడం, నువ్వు అక్కడ తెర చూసి “అయింది, ఇగ పోయి అన్నం తిను” అనడం మన పద్ధతి. చాలాసేపు మోగింది. ఆ గదికి తాళం ఉందని తెలిసి కూడా వెంటనే పెట్టెయ్యలేకపోయాను.

తర్వాత ఎంటర్ నొక్కాను. తప్పు జరిగితేనే ఆ మిషన్ ఏదో ఒకటి చెబుతుంది.

గద్వాల నుంచి ఏమీ రాలేదక్కా. పని సరిగ్గానే అయినట్టుంది.