ఒంటెద్దు దేశం

శ్రీవారికి,

మోక నుంచి హారతి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా. అత్తకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం అట్లే ఉంది. ఆ ప్రకృతి వైద్యం ఆసుపత్రిలో ఫోను ఉండకూడదన్నాక మీకు నిద్ర బాగా పడుతోందని రాశారు, చదివి సంతోషపడ్డాను. మీ మెడనొప్పికి అదే మందని నేను ఇన్నాళ్లుగా చెబుతున్నాను. డాక్టరు చెబితే గానీ మీ చెవికెక్కలేదు.

మీరడిగినవాటికి జవాబులు. మిరపచేనుకు నీళ్లు పెట్టించాం. లారీ టైర్ల సంగతి మామగారు చూసుకుంటున్నారు. మోటారు షెడ్డు మీద జెండా ఉంది, ఎండకు కొంచెం వెలిసింది. కూటమి మీటింగు ఏమైందని ఒకే ఉత్తరంలో మూడు చోట్ల అడిగారు. ఆ సంగతి కడన చెబుతాను, ముందుకు పోయి చదవొద్దు.

మన మిరపచేనుకు మీరు నల్లచేను సంస్థానమని పేరు పెట్టి, ఫోనులో దానికి రాజుగా చలామణి అవుతున్నారని పెళ్లయిన ఏడాదికి గానీ నాకు తెలియలేదు. మీలాగే సొంత దేశాలు పెట్టుకున్నవాళ్లు కర్నూల్లో, మైసూరులో, ఇంకా ఎక్కడెక్కడో ఉన్నారనీ, అందరికీ కలిపి ఒక కూటమి ఉందనీ తెలిసి నవ్వుకున్నాను. ఆసుపత్రికి పోతూ ఫోను నా చేతిలో పెట్టి "రాజ్యం జాగ్రత్త" అన్నప్పుడూ నవ్వుకున్నాను. ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తిన్నాక ఫోనులో ఆ కూటమి గుంపులో ఏం రాశారో చదవకపోతే నాకు తోచడం లేదు.

అన్నిటికన్నా మీవాళ్ల తిట్లు నాకు నచ్చాయి. మన ఊర్లో తిట్టు అంటే అవతలివాడి అమ్మతో మొదలై తాతదాకా పోతుంది. మీవాళ్లు ఎవరి అమ్మ జోలికీ పోరు. పడకగదిలో గోడకు జెండా తగిలించి ఇదే దేశం అనేవాణ్ని గోడదేశం అంటారు. పెట్టిన వారానికే మూతపడేవాటిని ఉసిళ్లు అంటారు, వాన పడిన సాయంత్రం దీపం చుట్టూ మూగి తెల్లారేసరికి రెక్కలు రాల్చుకునే పురుగుల పేరు. ఎవడొచ్చి అడిగినా నువ్వూ దేశమేనని కాగితం రాసిచ్చేవాడు ముద్రల అంగడి. నిజమైన దేశాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. "పెద్దది" అంటారంతే, కోడళ్లు అత్తను గురించి గొంతు తగ్గించి మాట్లాడుకున్నట్టు. మైసూరులో దేశం పెట్టుకున్న రాజును ఎవరో, తనకు తానే పతకాలు తగిలించుకునే పతకాల పిచ్చోడని అంటే ఆయన అలిగి గుంపులోంచి వెళ్లిపోయాడు, బతిమాలి మళ్లీ తెచ్చారు. పెద్ద ఉద్యోగం చేసే మనిషికి అంత చిన్న మాట ఎందుకు తగులుతుందా అని ఒక రోజంతా ఆలోచించాను.

వీటన్నిటికీ పైన ఇంకో తిట్టు ఉంది, దాన్ని ఊరికే వాడరు. ఒంటెద్దు. రాజు తప్ప ఇంకో మనిషి లేని దేశం. కూటమికి పెద్ద చిదానందప్ప, అదే హొసపేటలో సైకిలు షాపాయన, నాకు దాన్ని వివరంగా చెప్పాడు. ఏడాదికోసారి ప్రతి దేశం నుంచీ రాజు కాక ఇంకొకరు మీటింగులోకి వచ్చి, నేను ఈ దేశం మనిషినని నోటితో చెప్పాలట. చెప్పకపోతే పేరు తీసేస్తారట. మీరు ఏటా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నారనీ, ఈసారి కుదరదనీ అన్నాడు. మీరు కష్టపడి నిలబెట్టుకున్న దేశం నా నోటిమాట మీద ఉందని అప్పుడు తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ మీటింగు కోసం వరండాలో కూర్చుని ఫోనులో వీడియో తెరిచాను. పక్కన అత్త చింతపండు గింజలు తీస్తోంది.

"నోడమ్మా, చూడమ్మా," అన్నాడు చిదానందప్ప, "మీ రాజు చెప్పిన లెక్కలో మీరు విదేశాంగ మంత్రి, మీ అత్తగారు సేనాధిపతి. అవునా, కాదా, ఒక్క మాట చెప్పండి సాలు."

నేను మంత్రినని నాకు అప్పుడే తెలిసింది.

"నేనేందంటనే?" అంది అత్త.

"సేనాధిపతంట అత్తా."

"జీతమెంతంట?"

"ఏమీ లేదంట."

"అట్లయితే నాకొద్దని చెప్పు. నన్ను ఒక మాటన్నా అడక్కుండా యుద్ధానికి పంపిచ్చేటట్టుండాడే వీడు."

అందరూ నవ్వారు. అవును అంటే అయిపోయేది, ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ నాకు ఒకటి తెలుసుకోవాలనిపించింది.

"మీ దేశాల్లో మనిషి కావాలంటే ఏం చేయాలప్పా?"

"ఏమీ లేదమ్మా. రాజు అడగాల, మీరు ఒప్పుకోవాల. అదొకటి జరిగుండాల, అంతే."

"అట్లయితే నన్నెవురూ అడగలేదప్పా," అన్నాను.

కర్నూలు దేశం ఆయన మెల్లగా "ఒంటెద్దు" అన్నాడు. చిదానందప్ప తల వంచుకుని, "నాకూ కష్టంగానే ఉండాదమ్మా, ఏం చేసేది," అని నల్లచేను పేరు తీసేశాడు.

ఇదీ జరిగింది. మీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. మిమ్మల్ని పరాయివాడు ఆ మాట అంటే నాకు ఒళ్లు మండింది. మన ఊరి తిట్టు ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది, అత్త పక్కనుందని ఊరుకున్నాను. అయినా అబద్ధం మాత్రం చెప్పలేకపోయాను. ఎందుకా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను.

మన సంబంధం కుదిరిన రోజు మీ నాన్న మా నాన్నను అడిగారు. మా నాన్న మా చిన్నాయనను అడిగాడు, చిన్నాయన పురోహితుణ్ని అడిగాడు. మీరు కాఫీ తాగి గ్లాసు నా చేతికిచ్చారు. మీరంటే నాకు ఇష్టమే, అందులో దాచేదేమీ లేదు. కానీ ఆ ఇష్టాన్ని మీరు అడిగి తీసుకోలేదు. మంత్రిని చేసినప్పుడూ అంతే. సాయంత్రాలు మీరు ఫోనులో దేశాన్ని ఏలుతుంటే పక్క గదిలో నేను ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. కర్నూలు ఆయన అన్న మాట మీకు తగులుతుందో లేదో గానీ నాకు తగిలింది.

మళ్లీ చేరడానికి దారి ఉందట. మీరు అడిగి నేను ఒప్పుకుంటే చాలని చిదానందప్ప అన్నాడు. ఉత్తరంలో అడగొద్దు, అత్త చేత అడిగించొద్దు. ఇంటికి వచ్చి నా ఎదురుగా కూర్చుని అడగండి. ఊ అంటానో, ఊహూ అంటానో ఈ రోజుకు నాకూ తెలీదు. ఇంతవరకూ నన్నెవరూ ఏదీ అడగలేదు కదా, అడిగితే నేనేం చెబుతానో వినాలని మీకన్నా నాకే ఎక్కువగా ఉంది.

ఇట్లు,
మీ ఇల్లాలు,
హారతి