చేపతలల పొడి

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. పొడి చేదుగా వస్తోందని, మేనేజరు నిలదీస్తున్నాడని రాశావు. ఎలా ఉన్నావక్కా అని మాత్రం ఒక్క ముక్క రాయలేదు. బాగానే ఉన్నానులే.

మన చేపల ఫ్యాక్టరీలో కోత బల్లల కింద పారేసే చేపతలలు ఏరుకొచ్చి, ఉడకబెట్టి, ఎండబెట్టి, సూపులో కలిపే పొడి చెయ్యడానికి నాకు రెండేళ్లు పట్టింది. నీ దగ్గర ఏ దాపరికమూ లేకుండా మన వంటింట్లోనే చేశాను. నా డబ్బాలోని పొడే పట్టుకెళ్లి, అది నీ బుర్రలో పుట్టిందని ఓనరుకి చెప్పావు. నిన్ను పక్క ఊళ్లో కొత్త యూనిట్‌లో పొడి తయారీకి పెద్దని చేశారు. ఆ రోజు అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

నువ్వెప్పుడూ బారెడు పొద్దెక్కాక లేచేదానివి. ఈలోగా నేను ప్రతి తలలోంచీ మొప్పలు పీకి పారేసేదాన్ని. అదొక్కటే నువ్వు చూడలేదు. మొప్పలుంటే పొడి చేదెక్కుతుంది.

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆ సూపు ఆసుపత్రిలో రోగులకు పోస్తారని నువ్వే రాశావు. వాళ్లు నాకేం ద్రోహం చేశారు?

మేనేజరు అడిగితే ఇదీ నీకే తట్టిందని చెప్పుకో. చప్పట్లకి మాత్రం నన్ను పిలవకు.

అక్క