పొడుగు చేతుల జాకెట్లు

అమ్మాయీ,

నువ్వు పుట్టింటికి వెళ్ళిన మర్నాడే మావాడు గుండెదడతో కుప్పకూలాడు. ఆసుపత్రిలో చేర్చాను. లారీ ఆపకుండా నడపడానికి ఏవో హుషారు మాత్రలు మింగుతున్నాడట. ఆకలి చావడం, పళ్ళు కొరకడం, లేనిపోని అనుమానాలు, అన్నీ వాటివల్లేనట. "ఇంట్లో ఎవరి మీదైనా చెయ్యి చేసుకుంటున్నాడా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

వాడి ప్యాంట్ల నడుము మూడుసార్లు తగ్గించి కుట్టాను. కుట్టినప్పుడల్లా "మొగుడికి కడుపునిండా పెట్టవా?" అని నిన్నే తిట్టాను. మండుటెండల్లో నువ్వు జాకెట్లకి మణికట్టు దాకా చేతులు పెట్టమంటే, ఫ్యాషన్లా అని వెక్కిరించాను. నలభై ఏళ్ళుగా టేపు పట్టినదాన్ని, జబ్బ కొలత తీస్తుంటే నువ్వెందుకు ఉలిక్కిపడ్డావో అడగలేదు.

వాడు నిన్ను రమ్మంటున్నాడు. రాకు. కేసు పెట్టు, సాక్షిగా నా పేరు రాయించు. ఆ జాకెట్లు కుట్టింది నేనేనని చెబుతాను.

అత్తయ్య