ఉయ్యాల దగ్గర సమాధి మాట

కోడూరు,
14 ఆగస్టు 1958

బందరు ఆసుపత్రిలో మంచం మీదున్న నా ఎలీసబెతుకు,

నీ ఉత్తరం లేక నేటికి తొమ్మిది రోజులు. గడ్డ కోసి పరీక్షకు పంపారన్నావు, ఫలితం రాయలేదు. పోస్టు సైకిలు గంట వినబడితే చాలు, నేనెక్కడున్నా నా గుండె మన గుమ్మంలోకి వెళ్ళి నిలబడుతోంది.

నిన్న ఒకే పూట రెండు ప్రార్థనలు పడ్డాయి. పొద్దున జీవరత్నం తాతను భూస్థాపన చేశాం. పెట్టె దించుతుంటే నాకు కనబడింది తాత కాదు, నువ్వు. చేతులు కడుక్కుని అటునుంచటే మాణిక్యం ఇంటికి వెళ్ళాను, అతని కూతురి బిడ్డకు పేరు పెట్టే ప్రార్థనకి. కాళ్ళు వచ్చాయిగానీ మనసు గోతి దగ్గరే ఉండిపోయింది. వెనక్కి చూసిందని బైబిల్లోని లోతు భార్యను పాతికేళ్ళుగా ప్రసంగాల్లో దులిపేస్తున్న నోరు ఇది. ఉయ్యాల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "మన్నుకు మన్ను" అని సమాధి మాట అనేశాను.

పిల్లతల్లి ఇందిర బిడ్డను లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. మాణిక్యం భార్య పోలమ్మ నా మొహంలోకి చూసి, "అయ్యగారూ, నా మనవరాలు మీకేం చేసిందండీ?" అంది.

పోయినేడు మాణిక్యాన్ని సంఘం ముందు నిలబెట్టి కడిగేశాను, గుర్తుందా? పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడని. అతని మనసు ఉప్పుటేట్లో కొట్టుకుపోయిన వల మీద ఉందట. రెండు మనసులవాడా అని బైబిల్లో యాకోబు పత్రిక తీసి మొహాన చదివాను. నిన్న అదే మాణిక్యం నన్ను మర్యాదగా గుమ్మందాకా సాగనంపాడు. తిట్టినా బాగుండేది.

రాత్రి ఆ పత్రిక మళ్ళీ తీశాను. నాకే రాసినట్టుంది. ఇక వాక్యం చెప్పను. ఆదివారం సంఘపెద్ద శోభనాద్రికి ప్రసంగం బల్లా బైబిలూ అప్పగించేస్తాను.

నీ
దైవాధీనం


బందరు,
18 ఆగస్టు 1958

మా ఇంటాయనకి,

గడ్డలో చెడు ఏమీ లేదన్నారండీ. ముందు ఊపిరి తీసుకుని, తరవాత మిగతాది చదవండి.

ఉత్తరం రోజూ రాశాను. ఫలితం తెలియకుండా పంపలేక తలగడ కింద దాచాను. అది నా తప్పే. ఇక్కడ నా పనులూ అలాగే ఏడిశాయి. జడ సగం అల్లి మరిచిపోతే పక్కమంచం రోషన్ బీ మిగతా సగం అల్లేది.

నిన్న పోలమ్మ నన్ను చూడ్డానికొచ్చింది. మొదట వాళ్ళింట్లో అందరూ మీ మీద మండిపడ్డారట. మాణిక్యమే సర్దాడట: "ఆయన ఇల్లాలు బందరులో కోతకి పడుకుంటే చావూ పుట్టుకా ఒక్కపూటే ఆయన నెత్తిన పెట్టాం, మనకి బుద్ధి లేదా?" అని.

పిల్లకి ఇంకా పేరు పెట్టలేదు. శోభనాద్రి గారు వస్తానంటే ఇందిర ఒప్పుకోలేదట, సగంలో ఆపిన ప్రార్థన మీరే పూర్తి చెయ్యాలట. బైబిలు వెనక్కి తెచ్చుకోండి.

మాణిక్యం షరతు ఒకటే. ఆ రోజు పాటల పుస్తకం కూడా మీరే పట్టుకోవాలి. తలకిందులుగా పట్టుకున్నా ఏమీ అనడట.

మీ
ఎలీసబెతు